గంటస్తంభం దగ్గర మేడ మీద కంప్యూటర్ షాపు: విండోస్ పోకుండా ఉబుంటు వేయించుకున్నాం

ముందే చెప్పేస్తున్నా, ఈ షాపు చూడ్డానికి ఏమీ ఉండదు. విజయనగరం గంటస్తంభం నుంచి మూడు లాంతర్ల వైపు వస్తుంటే ఓ జిరాక్స్ సెంటర్ ఉంది, దాని పక్కనుంచి ఇరుకు మెట్లు, మెట్ల మీద ఓ పక్కగా ఎవరివో పాత సీపీయూలు, చచ్చిపోయిన యూపీఎస్‌లు పేర్చి ఉంటాయి, వాటిని తప్పించుకుని పైకెళ్తే ఒకటే గది. ఏసీ లేదు. ప్లాస్టిక్ కుర్చీలున్నాయి గానీ వాటి మీద కూడా కీబోర్డులే ఉంటాయి, మనమే తీసి పక్కన పెట్టుకుని కూర్చోవాలి. బండి పెట్టుకోడానికి చోటు దొరకదు, కోట దగ్గర పెట్టి నడిచి రావడం మేలు. ఇన్ని ఉన్నా సరే, ఒకే ల్యాప్‌టాప్‌లో విండోస్, లైనక్స్ (ఉబుంటు అందులో ఒక రకం) రెండూ పెట్టించుకోవాలని, అంటే డ్యూయల్ బూట్ కావాలని ఎవరైనా అడిగితే నేను ఇక్కడికే పంపిస్తాను.

మాకు రెండూ ఎందుకు కావలసి వచ్చిందంటే, నాది డీటీపీ పని. పెళ్లి కార్డులు, దినకర్మ పత్రికలు, అమ్మవారి పండగ కరపత్రాలు. అంతా అను తెలుగు ఫాంట్లు, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, అడోబీ వాళ్లు దాన్ని ఎప్పుడో వదిలేశారు, ప్రెస్సుల వాళ్లం మాత్రం వదల్లేదు. కాబట్టి విండోస్ లేకపోతే నాకు పూట గడవదు. మా అమ్మాయి ఇంజినీరింగ్ మూడో ఏడాది, కాలేజీలో ఏదో రోబో ప్రాజెక్టు తీసుకుంది, దానికి ఆర్‌ఓఎస్ 2 అనే రోబోల సాఫ్ట్‌వేర్ కావాలంట, అందులో జాజీ అనే వెర్షన్ ఉబుంటు 24.04 కోసం చేసింది కాబట్టి అదే వేయాలని పట్టు. ఇంట్లో ఉన్నది ఒకటే మంచి ల్యాప్‌టాప్, 512 జీబీ ఎస్ఎస్‌డీ, విండోస్ 11. పగలు నాది, రాత్రి దానిది. ఇంకోటి కొనే స్థోమత ఇప్పట్లో లేదు.

ఇక్కడికి రాకముందు ఇంకోచోట అడిగాం. ల్యాప్‌టాప్ తెరవకుండానే "ఫార్మాట్ కొట్టేసి రెండూ ఫ్రెష్‌గా వేసేద్దాం సార్, సాయంత్రం వచ్చి తీసుకెళ్లండి" అన్నాడు. మరి నా ఫాంట్లు, పాత జాబులు? "అవన్నీ మీరు కాపీ చేసుకోవాలి" అన్నాడు. దండం పెట్టి వచ్చేశాం.

మేడ మీద కుర్రాడికి ముప్పై దాటి ఉండవు. వెళ్లగానే మా అమ్మాయిని అడిగిన మొదటి మాట, "ఏటమ్మా, అసలు డ్యూయల్ బూట్ ఎందుకు, డబ్ల్యూఎస్ఎల్ సరిపోదా?" అని. ఇది నాకు బాగా నచ్చింది. డబ్బులొచ్చే పని కాళ్ల దగ్గరికి వస్తే వద్దేమో ఆలోచించుకోమని చెప్పేవాళ్లు తక్కువ. సీ ప్రోగ్రాములు, షెల్ కమాండ్లు, పైథాన్ వరకే అయితే లైనక్స్‌ని విండోస్ లోపలే నడిపే ఆ డబ్ల్యూఎస్ఎల్ చాలని, పార్టిషన్ల (డిస్క్‌లో చేసే ముక్కల) జోలికే పోనక్కర్లేదని, విండోస్‌లోనే ఇంకో సిస్టమ్‌ని నడిపే వర్చువల్‌బాక్స్ కూడా ఉందని, కాకపోతే 8 జీబీ ర్యామ్‌లో రెండు సిస్టమ్‌లు ఒకేసారి తిరిగితే రెండూ ఏడుస్తాయని వివరంగా చెప్పాడు. అమ్మాయి బోర్డులు, సెన్సర్లు యూఎస్‌బీకి తగిలించాలి అంది. డబ్ల్యూఎస్ఎల్‌లో యూఎస్‌బీ నేరుగా అందదు, మధ్యలో ఇంకో సాఫ్ట్‌వేర్ పెట్టాలి, అది చిరాకు. "అయితే సరే, వేద్దాం" అన్నాడు.

వేద్దాం అన్నాడు గానీ వేయలేదు. బ్యాకప్ ఉందా అన్నాడు. లేదన్నాను. బయటి హార్డ్ డిస్క్ తెచ్చుకుని, అందులో అన్నీ కాపీ చేసుకుని వస్తేనే ముట్టుకుంటానన్నాడు. నాకు ఒళ్లు మండింది, ఎందుకంటే ఫోన్ చేసి కనుక్కునే వెళ్లాను, ఆ ముక్క ఫోన్లోనే చెప్పొచ్చు కదా. ఇది షాపు మీద నా మొదటి ఫిర్యాదు. నెల్లిమర్ల నుంచో, గజపతినగరం నుంచో బస్సెక్కి వచ్చినవాళ్ల గతేమిటి? అయితే ఆ షరతు తప్పని మాత్రం అనను. ఎంత జాగ్రత్తగా చేసినా పార్టిషన్ పని మధ్యలో ఏదో ఒకటి అవ్వొచ్చు. తన దగ్గరే డిస్క్ పెట్టి కాపీ చేసి ఇస్తాడు కూడా, దానికి 300 వేరే.

బ్యాకప్‌తో మళ్లీ వెళ్లాక కూడా ఉబుంటు ఉన్న పెన్‌డ్రైవ్ తియ్యలేదు. దిస్ పీసీ తెరిచి సి డ్రైవ్ బొమ్మ మీద చిన్న తాళం చూపించాడు. నేను రోజూ చూస్తూనే ఉన్నాను, అదేదో అలంకారం అనుకున్నా. అది ఎన్‌క్రిప్షన్, అంటే కీ లేనివాళ్లు చదవలేకుండా డేటాకి వేసే తాళం. విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే చాలా ల్యాప్‌టాప్‌లలో మనం అడక్కుండానే ఆన్ అయిపోతుంది, హోమ్ ఎడిషన్‌లో కూడా, అక్కడ దాని పేరు డివైస్ ఎన్‌క్రిప్షన్. బయాస్‌లో (విండోస్ కంటే ముందు లేచే మెషిన్ సొంత సెట్టింగుల్లో) ఏదైనా మారినా, బూట్ అయ్యే తీరు మారినా, ఇదెవరో దొంగేమో అనుకుని నీలం తెర చూపించి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ లేకపోతే అంతే సంగతులు, లోపలి డేటా ఎవరూ తీయలేరు, తయారు చేసిన కంపెనీ కూడా తీయలేదు. కీ మన మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది, కానీ ఆ ఖాతా పాస్‌వర్డ్ ఎంతమందికి గుర్తుంటుంది? మాది అమ్మాయి ఈమెయిల్‌తో చేసినది కాబట్టి దొరికింది. ఆ 48 అంకెలూ అమ్మాయి చేత కాగితం మీద రాయించి, తను స్క్రీన్ చూసి ఒక్కో గుంపూ చదివి సరిచూశాడు. ఆరేసి అంకెలు, ఎనిమిది గుంపులు. తర్వాత ఎన్‌క్రిప్షన్ ఆపేశాడు. మొత్తం విడిపోయేదాకా డిస్క్‌ని కదపకూడదంట, ఆ సమయంలో కిందకెళ్లి టీ తాగి, అలా గంటస్తంభం దాకా తిరిగి వచ్చాం.

తర్వాత ఫాస్ట్ స్టార్టప్ తీసేశాడు. ఇది ఉంటే షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా పడుకోదు, సగం నిద్రలో ఉంటుంది, డిస్క్ ఇంకా నా చేతిలోనే ఉందనుకుంటుంది. అప్పుడు లైనక్స్‌లోకి వెళ్లి అదే సి డ్రైవ్‌లో ఏదైనా రాస్తే ఫైళ్లు చెడిపోయే ప్రమాదం, అందుకే లైనక్స్ కూడా అలాంటి డ్రైవ్‌ని చదవడానికి మాత్రమే ఇస్తుంది, రాయనివ్వదు. నెట్‌లో "నా డి డ్రైవ్‌లో సేవ్ అవ్వట్లేదు" అని మొత్తుకునేవాళ్లలో చాలామందికి కారణం ఇదే.

ఇక అసలు కోత. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సి డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ష్రింక్ వాల్యూమ్ కొట్టాడు. సగానికి పైగా ఖాళీ ఉన్న డ్రైవ్, తీరా చూస్తే ముప్పై జీబీ కంటే ఇవ్వనంది. నేనైతే అక్కడే డిస్క్ పాడైందని టెన్షన్ పడిపోయేవాణ్ణి. కుర్రాడు నవ్వి ఈవెంట్ వ్యూయర్ తెరిచాడు, అందులో అప్లికేషన్ లాగ్‌లో 259 నంబరు ఈవెంట్ వెతికి చూపించాడు, ఏ ఫైలు అడ్డం పడిందో అక్కడ పేరుతో సహా ఉంటుంది. మాకు అడ్డొచ్చింది పేజ్‌ఫైల్, ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్క్ మీద వాడుకునే ఫైలు. పందిరి ఎంత ఖాళీగా ఉన్నా నడిమధ్యన రాట పాతేసి ఉంటే కారు లోపలికి రాదు కదా, అలాగే డిస్క్ మధ్యలో కదలని ఫైలు ఒక్కటుంటే దానికి ఇవతలి దాకా వచ్చి ష్రింక్ ఆగిపోతుంది. పేజ్‌ఫైల్, హైబర్నేషన్, సిస్టమ్ రీస్టోర్ మూడూ తాత్కాలికంగా ఆపి, రీస్టార్ట్ చేసి మళ్లీ అడిగితే హాయిగా ఇచ్చింది. 122880 అని టైప్ చేశాడు. అదేం లెక్కంటే 120 జీబీ, ఒక్కో జీబీకి 1024 ఎంబీ. పని అయ్యాక పేజ్‌ఫైల్, సిస్టమ్ రీస్టోర్ మళ్లీ ఆన్ చేయడం మర్చిపోలేదు, నేను కనిపెట్టే కూర్చున్నాను.

విండోస్ పార్టిషన్‌ని విండోస్ చేతే తగ్గించాలి, లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో కాదు అని అతని పట్టుదల. లైనక్స్‌లో ఉండే జీపార్టెడ్ అనే పార్టిషన్ టూల్‌తోనూ చేయొచ్చు, చేసేవాళ్లున్నారు, కానీ తన డిస్క్‌లో ఏది ఎక్కడుందో విండోస్‌కి తెలిసినంత ఇంకొకరికి తెలియదు అంటాడు. పార్టిషన్ చివరనుంచి కోయడం తేలిక, మొదలు జరపడం మాత్రం ప్రమాదం, ఎందుకంటే అప్పుడు లోపలున్న డేటా అంతా జరగాలి, అది జరుగుతుండగా కరెంటు పోతే ఇక వెతుక్కోవడమే. అందుకే డెస్క్‌టాప్ తెచ్చినవాళ్లకి యూపీఎస్ తగిలించందే మొదలెట్టడు. ల్యాప్‌టాప్ అయినా చార్జర్ పెట్టి ఉంచాలి. మన ఊరి కరెంటు సంగతి మనకి కొత్తగా చెప్పాలా?

బయాస్‌లో ఇంకో మెలిక వచ్చింది. డిస్క్‌తో మెషిన్ మాట్లాడే పద్ధతి ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ మోడ్‌లో ఉంది. అలా ఉంటే ఉబుంటు ఇన్‌స్టాలర్ ఆర్‌ఎస్‌టీ ఆపి రమ్మని కూర్చుంటుంది, ముందుకు పోనివ్వదు. దాన్ని ఏహెచ్‌సీఐ అనే మామూలు పద్ధతికి మార్చాలి, కానీ నేరుగా మారిస్తే విండోస్ తన డిస్క్‌ని తనే గుర్తుపట్టక బ్లూ స్క్రీన్ ఇస్తుంది. ఇతను ముందు విండోస్‌ని సేఫ్ మోడ్‌లో లేచేలా పెట్టి, బయాస్‌లో మార్చి, సేఫ్ మోడ్‌లోకి ఒకసారి వెళ్లొచ్చి, మళ్లీ మామూలుగా బూట్ చేశాడు. సేఫ్ మోడ్‌లో లాగిన్‌కి పిన్ పనిచేయకపోవచ్చు, పాస్‌వర్డ్ తెలిసి ఉండాలి, కాబట్టి అది కూడా గుర్తుపెట్టుకుని వెళ్లండి. ఎన్‌క్రిప్షన్ ముందు ఎందుకు తీశాడో నాకు ఇక్కడ అర్థమైంది. తాళం అలాగే ఉంచి ఇన్నిసార్లు బయాస్ కెలికితే ఆ 48 అంకెలూ టైప్ చేస్తూ కూర్చునేవాళ్లం.

ఉబుంటు వేయడం నిజానికి చిన్న పని. ముందు ట్రై ఉబుంటులోకి (ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడటం) వెళ్లి వైఫై, టచ్‌ప్యాడ్, సౌండ్, కెమెరా చూపించాడు, ఇవి పెన్‌డ్రైవ్ మీద పనిచేస్తే ఇన్‌స్టాల్ అయ్యాక కూడా పనిచేస్తాయి. ఇన్‌స్టాల్ మొదలయ్యాక ఒక తెర వస్తుంది, అందులో మొత్తం డిస్క్ చెరిపేసే ఆప్షన్ కూడా ఉంటుంది, ఒక్క క్లిక్ అటు పడితే నా ఇరవై ఏళ్ల పెళ్లి కార్డులు గంగలో కలిసినట్టే. ఇతను మాన్యువల్ ఎంచుకున్నాడు. లిస్టులో పార్టిషన్లన్నీ వచ్చాక మౌస్ వదిలేసి, "అమ్మా, ఒక్కోటీ సైజు చదువు" అన్నాడు. 260 ఎంబీ ఎఫ్‌ఏటీ32, అది ఈఎఫ్‌ఐ, రెండు సిస్టమ్‌ల బూట్ ఫైళ్లూ అందులోనే ఉంటాయి, దాన్ని వాడుకోవాలి గానీ ఫార్మాట్ చేయకూడదు. 16 ఎంబీది మైక్రోసాఫ్ట్ తన కోసం దాచుకున్నది. పెద్దది సి డ్రైవ్. చివర్న ఉన్నది రికవరీ. మధ్యలో 120 జీబీ ఖాళీ, మనది అదొక్కటే. అది చదివాకే అందులో లైనక్స్ వాడే ఈఎక్స్‌టీ4 రకం పార్టిషన్ చేశాడు. నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే బూట్ కానిచ్చే సెక్యూర్ బూట్‌ని ఆపలేదు, ఉబుంటుకి ఆ అవసరం లేదు. లైనక్స్ అనగానే సెక్యూర్ బూట్ ఆపేసి చేతులు దులుపుకునే షాపులున్నాయి కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా రాస్తున్నా.

ఇక్కడ నాకు నచ్చనిది ఒకటుంది. మొత్తం 120 జీబీ ఒకే పార్టిషన్ కింద ఇచ్చేశాడు, మన సొంత ఫైళ్లుండే హోమ్ ఫోల్డర్‌ని విడిగా పెట్టలేదు. పెట్టి ఉంటే రేపు ఉబుంటు మళ్లీ వేయాల్సి వచ్చినా అమ్మాయి ఫైళ్లు ఎక్కడివక్కడ ఉండేవి. అడిగితే "120లో మళ్లీ రెండు ముక్కలు చేస్తే ఒకటి నిండిపోయి ఇంకోటి ఖాళీగా ఉంటాది సార్" అన్నాడు. అదీ నిజమే, కానీ చేసే ముందు మమ్మల్ని అడగాల్సింది.

ఇంటికొచ్చాక ఇంకో తమాషా. ఉబుంటులోకి వెళ్లొచ్చిన ప్రతిసారీ విండోస్‌లో గడియారం ఐదున్నర గంటలు వెనక్కి. పొద్దున్న పదిన్నరకి కూర్చుంటే ఐదు చూపిస్తోంది. మెషిన్ లోపలి గడియారాన్ని లైనక్స్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అనుకుంటుంది, విండోస్ మన టైమ్ అనుకుంటుంది, ఆ రెంటి తేడా సరిగ్గా ఐదున్నర గంటలు. ఫోన్ చేస్తే మధ్యాహ్నం ఎత్తలేదు (రెండు నుంచి నాలుగు దాకా ఎత్తడు, భోజనం, నిద్ర), సాయంత్రం తనే తిరిగి చేసి, ఉబుంటు టెర్మినల్‌లో ఒక్క కమాండ్‌తో లోకల్ ఆర్‌టీసీ ఆన్ చేయించాడు, అంటే లైనక్స్ కూడా ఆ గడియారాన్ని మన టైమే అనుకుంటుంది. అంతటితో సరిపోయింది. డ్యూయల్ బూట్ చేయించుకున్న ప్రతివాళ్లకీ వచ్చే గొడవ ఇది, షాపులోనే చేసి పంపితే ఏం పోయింది? అలాగే మెషిన్ ఆన్ చేయగానే ఏ సిస్టమ్ కావాలో అడుగుతూ వచ్చే గ్రబ్ మెనూలో ఉబుంటు పైన ఉండేది, నేను చూసుకోకపోతే పది సెకన్లలో అందులోకే పోయేది. ఆఖరిసారి దేనిలోకి వెళ్లామో అదే ముందుండేలా మార్చి ఇచ్చాడు, అదీ మేం అడిగితేనే.

వచ్చేటప్పుడు చెప్పిన జాగ్రత్తలు మాత్రం పనికొచ్చేవి. ఆ ఉబుంటు పెన్‌డ్రైవ్ చెరిపేయకుండా బీరువాలో పెట్టుకోమన్నాడు. 2024 ఆగస్టులో విండోస్ అప్‌డేట్ ఒకటి వచ్చి, డ్యూయల్ బూట్ ఉన్న చాలా మెషిన్లలో లైనక్స్ లేవకుండా పోయింది, అలాంటిదేదైనా అయితే అది పనికి రావచ్చు. విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఉబుంటు పార్టిషన్ పేరూ ఊరూ లేకుండా కనిపిస్తుంది, ఖాళీదేమో అనుకుని డిలీట్ కొట్టొద్దన్నాడు. నిజంగానే తీసేయాలనుకున్నా ముందు బయాస్‌లో విండోస్ బూట్ మేనేజర్‌ని పైకి తెచ్చి అప్పుడు డిలీట్ చేయాలి, లేదంటే ఆన్ చేయగానే నల్ల తెర మీద గ్రబ్ అన్న మాట ఒక్కటీ కనిపిస్తూ ఉంటుంది.

మా ప్రెస్సులో ఉన్న పాత డెస్క్‌టాప్‌కి కూడా అడిగాను. అది ఎంబీఆర్ డిస్క్, అంటే పార్టిషన్ల లెక్క పాత పద్ధతిలో రాసుకునేది. అందులో ప్రైమరీ పార్టిషన్లు నాలుగే పడతాయి, నాలుగూ నిండిపోయాయి. ఐదోది చేయబోతే విండోస్ ఒక మెసేజ్ ఇస్తుంది, డిస్క్‌ని డైనమిక్‌గా (విండోస్ సొంత పద్ధతిలోకి) మారుస్తాను సరేనా అని. అక్కడ ఎస్ కొడితే ఇక డ్యూయల్ బూట్ ఆశ వదులుకోవడమే, వెనక్కి తేవడం పెద్ద తలనొప్పి. దానికి అతనిచ్చిన సలహా, ఈ డిస్క్‌ని ముట్టుకోకుండా చిన్న ఎస్ఎస్‌డీ ఒకటి విడిగా కొని లైనక్స్ దాని మీద వేసుకోమని, వేసేటప్పుడు విండోస్ డిస్క్ కేబుల్ పీకేయమని. డెస్క్‌టాప్ ఉన్నవాళ్లకి అన్నిటికంటే భద్రమైన పద్ధతి అదే, పార్టిషన్ల గోలే లేదు. ఈ ముక్క చెప్పినందుకు డబ్బులు తీసుకోలేదు.

మొత్తం 900 తీసుకున్నాడు. వేరేచోట్ల 500కే చేస్తామన్నారు, నెట్ చూసి చేసుకుంటే పైసా ఖర్చు లేదు, అదీ నిజమే. కానీ ఉబుంటు వేయడానికి పట్టిన టైమ్ కంటే దానికి ముందు తాళం, సేఫ్ మోడ్, పేజ్‌ఫైల్ అంటూ పట్టిన టైమే చాలా ఎక్కువ, నేను డబ్బులిచ్చింది దానికి అనుకుంటున్నా. బిల్లు ఇవ్వడు, ఫోన్‌పే స్క్రీన్‌షాటే బిల్లు. మాటలు కూడా కొంచెం ఎక్కువే, విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసిన దగ్గర్నుంచి పాత మెషిన్లకి మింట్ అనే ఇంకో రకం లైనక్స్ వేస్తున్నానని, ఎవరెవరికి వేశాడో అంతా చెప్తాడు, మనం వినాలి.

ఐదుకి నాలుగు ఇస్తున్నా. వెళ్లేవాళ్లు చార్జర్, బయటి హార్డ్ డిస్క్, మైక్రోసాఫ్ట్ ఖాతా పాస్‌వర్డ్ పట్టుకెళ్లండి, ఆదివారం మూసేస్తాడు. పైడితల్లమ్మ పండగ సిరిమాను మంగళవారం, దాని ముందురోజూ అసలు అటు వెళ్లకండి, మూడు లాంతర్ల దగ్గర కాలు పెట్టే సందు ఉండదు, ఎలాగూ షాపు తీయడు.